ఇవ్వడమా, పెట్టడమా?

మా అన్నయ్య మా ఇంటికి ఎప్పుడొచ్చినా చెప్పులు విప్పకముందే కాఫీ అడుగుతాడు. 2025 జూలైలో ఒక ఆదివారం వచ్చినప్పుడు మాత్రం అడగలేదు. వెంట వదినా, మేనకోడలూ ఉన్నారు. సోఫాలో కూర్చుని, చేతిలో ఉన్న ప్లాస్టిక్ ఫైలుని ఒళ్లో అటొకసారి ఇటొకసారి తిప్పి, "నీ సంతకం కావాలే" అన్నాడు.

నవలలు రాసేదాన్ని కనక సంతకం అనగానే పుస్తకం మొదటి పేజీ గుర్తొచ్చి మురిసిపోయే అలవాటు నాకుంది. ఇది ఆ సంతకం కాదు. పల్నాడులో, వినుకొండ అవతల, తాతగారి నుంచి వచ్చిన మెట్టలో ఇంకా ఒక్క ఎకరం మిగిలింది. నాన్న పోయాక దాని మీద అమ్మకీ, అన్నయ్యకీ, నాకూ హక్కుంది. బేరం పన్నెండు లక్షలకి తెగేట్టుందట. అమ్మ సరేనందట. ఇక మిగిలింది నేను.

"ఇప్పుడెందుకన్నయ్యా అమ్మడం?"

"దీని సీటుకి" అన్నాడు కూతురి వైపు చూడకుండా.

ఆ పిల్ల గోళ్లు చూసుకుంటోంది. ఏదో నేరం చేసి పట్టుబడ్డ దానిలా ఉంది మొహం. చేసిన నేరమల్లా ప్రవేశ పరీక్షలో ర్యాంకు ముప్పై వేలు దాటడమే. తెలంగాణలో ఆ పరీక్షకి 2024 నుంచి ఈఏపీసెట్ అని పేరు మార్చారు గాని, మా ఇళ్లల్లో అది ఇంకా ఎంసెట్టే. పేరు మారినా భయం మారలేదు కదా!

సంగతి ఇదీ. ఆ ర్యాంకుకి కన్వీనరు కోటాలో ఊరి చివర ఓ మోస్తరు కాలేజీలో ఎలక్ట్రానిక్స్ వస్తుంది. ఏడాదికి లక్ష చొప్పున నాలుగేళ్లకి నాలుగు లక్షలు. అందరూ పేరు చెప్పుకునే కాలేజీలో కంప్యూటర్ సైన్సు కావాలంటే యాజమాన్య కోటాయే దిక్కు. నూటికి 70 సీట్లు కన్వీనరు నింపితే తక్కిన 30 వాళ్ల చేతిలో ఉంటాయి. అక్కడ ఫీజే ఏడాదికి లక్షన్నర, నాలుగేళ్లకి ఆరు లక్షలు. దాని మీద మరో పది లక్షలు. ఆ పది లక్షలకీ రసీదుండదు. ఎందుకుండదని అడిగితే, "అలాగే ఉండదు" అన్నాడు అన్నయ్య, సూర్యుడు తూర్పునే ఎందుకు ఉదయిస్తాడని నేను అడిగినట్టు చూసి.

పదహారు లోంచి నాలుగు తీసేస్తే పన్నెండు. ఎకరం సరిగ్గా సరిపోతుంది. దేవుడే లెక్క కుదిర్చినట్టుంది అంది వదిన.

సంతకానికి కలం తీసుకోబోయి ఆగాను. ఆగడానికి కారణం చెప్పాలంటే ఇరవై తొమ్మిదేళ్లు వెనక్కి వెళ్లాలి.

1996లో మాకు ఆ మెట్ట మూడెకరాలు. అన్నయ్యకి ఆ సంవత్సరం ఇంజనీరింగులో పేమెంటు సీటొచ్చింది. ఆ మాట ఇప్పటి పిల్లలకి తెలియదు. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో, అది మన రాష్ట్రం మీద నడిచిన కేసే, సుప్రీంకోర్టు ఒక ఏర్పాటు చేసింది. ప్రైవేటు కాలేజీలో సగం సీట్లు ఫ్రీ సీట్లు, సగం పేమెంటు సీట్లు. పేమెంటు వాళ్లు కట్టే డబ్బుతో ఫ్రీ వాళ్ల చదువు కూడా సాగాలన్నది లెక్క. 2002లో పదకొండుమంది న్యాయమూర్తులు టీఎంఏ పై కేసులో దాన్ని కొట్టేశారు, అది వేరే సంగతి. మా ఇంట్లో కోర్టు సంగతులెవరికీ పట్టలేదు. పట్టిందల్లా ఏడాదికి ముప్పై వేల చిల్లర. నాన్న రెండెకరాలు అమ్మారు. అందులో కొంత ఎవరో ముఖం తెలియని పిల్లవాడి ఫ్రీ సీటుకీ వెళ్లి ఉంటుంది. అది తెలిసి ఉంటే నాన్న ఒక్కసారన్నా గర్వంగా చెప్పుకునేవారేమో.

అప్పుడు నాకు పదహారేళ్లు. రామారావుగారి ప్రభుత్వం 1986లో చేసిన చట్టం ప్రకారం ఆ పిత్రార్జితంలో నాకూ సమాన హక్కుంది. కానీ ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నాకు తెలియదు. తెలిసినా అడిగేదాన్ని కాను. ఆ రోజుల్లో అన్న చదువుకి అడ్డం పడ్డ చెల్లెలంటే కైకకన్నా హీనం.

మరుసటేడు నేను బి.ఏ.లో చేరాను. ప్రభుత్వ మహిళా కళాశాల. ఫీజు వందల్లో. మా నాన్న ఆ డబ్బు జేబులోంచి తీసి ఇచ్చారు, బీరువా దాకా కూడా వెళ్లలేదు. నా చదువుకి ఎవరూ లెక్క వెయ్యలేదు. చాలా ఏళ్లు దాన్ని నా అదృష్టమనే చెప్పుకున్నాను. తెలుగు చదివాను, సంస్కృతం చదివాను, చరిత్ర చదివాను. "ఇది చదివితే ఏమొస్తుంది?" అని అడిగినవాళ్లు లేరు. లెక్క వెయ్యకపోవడానికీ, లెక్కలోకి తీసుకోకపోవడానికీ తేడా ఉందని తెలిసేసరికి ముప్పై దాటాయి.

అన్నయ్య సంగతి వేరు. వాడు 2000లో పట్టా తీసుకుని బయటికొచ్చాడు. మరుసటేటికి అమెరికాలో కంప్యూటర్ కంపెనీలు కుప్పకూలాయి, చేరమన్న ఉత్తరాలు వెనక్కి వెళ్లాయి. రెండేళ్లు అమీర్‌పేటలో గదిలో ఉండి ఒక కోర్సు తర్వాత ఇంకో కోర్సు చేశాడు. ఖర్చులకని ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పాడు. ఆ ఒక్క ఏడాదీ వాడి ఉత్తరాల్లో నవ్వుండేది. ఏ పాఠం ఎలా చెప్పాడో, వెనక బెంచీ కుర్రాడు ఏం ప్రశ్న వేశాడో రాసేవాడు. అక్కడే ఉండిపోతానన్నాడు ఒకసారి. నాన్న ఏమీ అనలేదు. అమ్మ మాత్రం చాలా మెత్తగా, "రెండెకరాలు పోతే పోయాయిలేరా, నీ సుఖమే మాకు కావాలి" అంది.

ఆ మాటని తూకం వేస్తే ఎంతుంటుందో మీరే చూసుకోండి. వాడు మర్నాడే హైదరాబాదు బస్సెక్కాడు. 2003లో ఉద్యోగం దొరికింది. ఫిజిక్సు పాఠం మళ్లీ చెప్పలేదు.

అందుకే కలం పట్టుకుని ఆగాను.

చదువుకి డబ్బు లెక్క కట్టడం తప్పని నేను చెప్పబోవడం లేదు. "సరస్వతిని తూకం వేస్తారా?" అనే పెద్దమనుషులు మా బంధువుల్లోనూ ఉన్నారు. వాళ్లలో చాలామందికి ఫీజు కట్టింది వేరెవరో. పుస్తెలు తాకట్టు పెట్టి ఫీజు కట్టే ఇల్లాలికి ఆ శ్లోకం వినే తీరిక లేదు. పదహారు లక్షలు పెట్టేటప్పుడు ఏమొస్తుందని అడగకపోతే అది ఔదార్యం కాదు, అశ్రద్ధ. కూరగాయల దగ్గర రూపాయికి బేరమాడి, సీటు దగ్గర పది లక్షలకి రసీదడగకుండా వచ్చే మనల్ని చూస్తే కూరలమ్మికి నవ్వు రాదూ?

థియొడోర్ షుల్ట్స్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1960లో ఒక ప్రసంగం చేస్తూ, చదువు మీద పెట్టే ఖర్చుని పెట్టుబడిగా చూడాలన్నాడు. మనిషిని పెట్టుబడి అనడం కొందరికి రోతగా ఉంటుందని కూడా తనే ముందు ఒప్పుకున్నాడు. 1979లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన లెక్క దేశాల గురించీ, పొలాల్లో పనిచేసే రైతుల గురించీ. ఆ మాట మన వంటింటి దాకా వచ్చేసరికి పిల్లే పొలమైపోయింది.

పోనీ, లెక్క వేస్తే సరిగానే వేద్దాం అన్నాను. మేనకోడలు నా రాతబల్ల మీది కాగితం లాక్కుంది. నేను బి.ఏ.ని, వడ్డీ కట్టడం నాకు రాదు. ఆ పిల్ల రెండు గళ్లు గీసింది.

"కాలేజీ వాళ్ల కాగితంలో సగటు జీతం ఎనిమిది లక్షలని ఉంది" అన్నాడు అన్నయ్య.

"నాన్నా, పదిమందిలో తొమ్మిదిమందికి నాలుగు లక్షలొచ్చి, ఒకడికి నలభై నాలుగు లక్షలొస్తే సగటు ఎనిమిదే. ఎనిమిది తెచ్చుకున్నవాడు ఒక్కడూ ఉండడు."

అన్నయ్య లెక్క కట్టి చూశాడు. వాడు ఇంజనీరు. నాలుగు తొమ్ములు ముప్పై ఆరు, నలభై నాలుగూ కలిపితే ఎనభై. తల పంకించాడు.

అప్పుడు ఆ పిల్ల చెప్పింది, చూడవలసింది సగటు కాదు, మధ్యగతమని. పదో తరగతి లెక్కల్లో వచ్చే మాట, ఆ తర్వాత మనలో ఎవరం మళ్లీ తలవని మాట. అందర్నీ జీతం ప్రకారం వరసలో నిలబెట్టి నడుమ ఉన్నవాడిని "నీకెంత?" అని అడగడం. దేశంలో కాలేజీలకి ర్యాంకులిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ వాళ్లు 2016 నుంచీ ర్యాంకులు ప్రకటిస్తున్నారు. వాళ్లకి కాలేజీలు పంపే పట్టికలో ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, వాళ్ల జీతాల మధ్యగతం ఎంత, పై చదువులకి ఎందరు వెళ్లారు అనేవి విడివిడిగా ఉంటాయట. ఆ పట్టిక కాలేజీ వెబ్‌సైటులోనే పెడతారట, కాకపోతే వెతుక్కోవాలి. గేటు దగ్గర ఫ్లెక్సీ మీద వేసేది మాత్రం ఆ నలభై నాలుగు లక్షల కుర్రాడి ఫొటో.

ఇంకా ఉంది. నాలుగు లక్షల జీతమంటే నెలకి ముప్పై మూడు వేలనుకుంటాం. కంపెనీ వాళ్లు చెప్పే అంకెలో ప్రావిడెంటు ఫండుకి వాళ్లు కట్టేదీ కలిపే ఉంటుంది. అవీ ఇవీ పోతే చేతికొచ్చేది ముప్పై వేల లోపు. కొత్తగా చేరేవాళ్లకి పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలు పదేళ్ల కిందట ఇచ్చిన మూడు, మూడున్నర లక్షలు ఇప్పటికీ అక్కడక్కడే తచ్చాడుతున్నాయని అన్నయ్యే ఒప్పుకున్నాడు. ఫీజులు మాత్రం అక్కడ ఆగలేదు.

ఆ పన్నెండు లక్షలూ అప్పు తెచ్చామనుకుందాం. నూటికి పది వడ్డీకి పదేళ్ల వాయిదాలంటే నెలకి సుమారు పదిహేను వేల ఎనిమిది వందలు. అంటే పేరున్న కాలేజీ ఆ పిల్లకి ఊరి చివరి కాలేజీ కన్నా నెలకి పదహారు వేలు, పదేళ్లపాటు ఎక్కువ తెచ్చిపెట్టాలి. చదివే నాలుగేళ్ల వడ్డీ వదిలేస్తేనే సుమా! పోనీ అప్పు కాదు, పొలం డబ్బే అనుకుంటే, అదే డబ్బు ఏడు శాతానికి బ్యాంకులో వేస్తే పదేళ్లకి ఇరవై మూడు లక్షలు దాటుతుంది. పొలం అలాగే ఉంచితే ఎంతవుతుందో ఎవరు చెప్పగలరు? అన్నట్టు, రసీదు లేని పది లక్షలకి బ్యాంకు విద్యారుణం కూడా ఇవ్వదు. వాళ్లకి కావలసింది కాలేజీ కాగితం. ఆ ఒక్క విషయంలో బ్యాంకులు మన తల్లిదండ్రులకన్నా జాగ్రత్తపరులు.

ఇదంతా విని మీరు, "అయితే చవక కాలేజీయే మేలంటావా?" అనవచ్చు. అంత తేలిగ్గా తేలదు. పేరున్న కాలేజీకి కంపెనీలు వాటంతటవే వస్తాయి. ఊరి చివరి కాలేజీ పిల్లలు కంపెనీల వెంట తిరగాలి. అది అన్నయ్య వాదన, అందులో నిజముంది. స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అని ఇద్దరు అమెరికన్లు 2002లో ఒక పరిశీలన అచ్చు వేశారు. పెద్ద కాలేజీలో సీటొచ్చినా కాదనుకుని మామూలు కాలేజీకి వెళ్లిన పిల్లలు, పెద్ద కాలేజీలో చదివిన అలాంటి పిల్లలకి దాదాపు సమానంగానే సంపాదించారని అందులో తేలింది. తెలివి పిల్లది, కాలేజీది కాదన్నమాట. కానీ అందులోనే ఇంకో సంగతీ ఉంది. పేదింటి పిల్లలకి మాత్రం పెద్ద కాలేజీ వల్ల మేలు జరిగింది. తండ్రికి పరిచయాలు లేనప్పుడు కాలేజీయే పరిచయం. అది అమెరికా, మన ఊరు కాదు. అయినా ఆ రెండో మాట నన్ను వదలదు. వినుకొండ నుంచి వచ్చిన నాన్నకి 1996లో ఎవరు తెలుసు? అన్నయ్యని చదివించకుండా ఉండవలసిందని నేనెలా అంటాను?

కనక లెక్క ఎటు తేలిందన్నది కాదు నా బాధ. లెక్క తేలాక మిగిలే మాట ఉందే, దాని గురించి. ఆ మాట నేను కాదు, ఆ పిల్లే అడిగింది.

"అత్తా, ఈ డబ్బు నాకు ఇస్తున్నారా, నా మీద పెడుతున్నారా?"

వదిన చురుగ్గా చూసింది. "అదేం ప్రశ్నే? కన్నవాళ్లు ఇస్తారు గాని..."

"ఇస్తే నేను రేపు టీచరునవుతానన్నా ఏమీ అనకూడదు. పెడితే ఎంత తిరిగి రావాలో ఇప్పుడే చెప్పండి."

అన్నయ్య ఫైలు తిప్పడం ఆపేశాడు.

మనిషి మనిషికి డబ్బు ఇచ్చే పద్ధతులు రెండే నాకు తెలుసు. ఒకటి కానుక, ఇచ్చినవాడు మరిచిపోవాలి. ఇంకొకటి అప్పు, అసలెంతో వడ్డీ ఎంతో రాసుకోవాలి, తీరినరోజున కాగితం చించెయ్యాలి. రెండూ గౌరవమైనవే. షావుకారు దగ్గర అప్పు తీరిన మనిషి తలెత్తుకు నడుస్తాడు. మన ఇళ్లల్లో చదువు డబ్బు మాత్రం ఇచ్చేటప్పుడు కానుక, పుచ్చుకున్నాక అప్పు. అసలెంతో ఎవరూ చెప్పరు, చెబితే తీర్చేస్తారు కదా! మా అన్నయ్య నాన్న వైద్యానికి ఖర్చు పెట్టాడు, ఇల్లు బాగుచేయించాడు, నా పెళ్లి చేశాడు. 1996 నాటి రెండెకరాలు ఎన్నిసార్లు తీరాయో! అయినా అమ్మ ఇవాళ్టికీ, ఎవరైనా వాణ్ణి మెచ్చుకుంటే, "రెండెకరాలు అమ్మి చదివించాం" అనే మొదలుపెడుతుంది. గర్వంగానే అంటుంది పాపం.

బి.ఏ.లో సంస్కృతం చదివిన పుణ్యాన రఘువంశంలో కౌత్సుడి కథ నాకు ఇలాంటప్పుడు గుర్తొస్తుంది. చదువైపోయాక గురుదక్షిణ ఏమివ్వాలని అడిగాడు. నీ శుశ్రూషే చాలు పొమ్మన్నాడు వరతంతుడు. శిష్యుడు వినడు, అడిగిందే అడుగుతాడు. గురువుకి ఒళ్లు మండి, పద్నాలుగు విద్యలు చెప్పాను కనక పద్నాలుగు కోట్లు తెమ్మన్నాడు. సబ్జెక్టుకి కోటి! మన కాలేజీలు ఇంకా ఆ రేటుకి రాలేదు. కౌత్సుడు రఘుమహారాజు దగ్గరికి వెళితే, ఆయన అప్పటికే సర్వం దానం చేసి మట్టిపాత్రతో అర్ఘ్యమిచ్చే స్థితిలో ఉన్నాడు. చివరికి కుబేరుడు కురిపించిన బంగారమంతా పట్టుకుపొమ్మంటాడు రాజు. గురువుకి ఇవ్వవలసినంతే చాలు, ఎక్కువ ఒక్క కాసూ వద్దంటాడు శిష్యుడు. చిన్నప్పుడు ఆ కథలో రాజు దాతృత్వమే కనబడేది. ఇప్పుడు అంకె కనబడుతోంది. పద్నాలుగంటే పద్నాలుగే. అంకె తెలుసు కనకనే కౌత్సుడు ఇచ్చేసి వెళ్లిపోయాడు, మా అన్నయ్య వెళ్లలేకపోయాడు.

అన్నిటికన్నా పాత మాట ఇంకొకటుంది. బ్రాహ్మణుడు మూడు ఋణాలతో పుడతాడని తైత్తిరీయ సంహిత చెప్పింది. దేవతల ఋణం యజ్ఞంతో తీరుతుంది. ఋషుల ఋణం చదువుతో తీరుతుంది. పితృఋణం సంతానంతో తీరుతుంది. చదువంటే ఆనాడు అప్పు తీర్చుకునే దారి. పైగా తండ్రి అప్పు తండ్రికి తిరిగివ్వమనలేదు, నీ పిల్లలకి ఇవ్వమంది. ఆ మాట నేను పైకే అన్నాను.

"అదే కదా చేస్తున్నాను" అన్నాడు అన్నయ్య వెంటనే. కాస్సేపాగి, ఇంకెవరితోనో అన్నట్టు, "నన్ను అందరూ పేరు పెట్టే పిలిచేవారు. నాకు మాత్రం రెండెకరాలనే వినిపించేది" అన్నాడు. జూనియర్ కాలేజీ సంగతి కూతురికి అప్పుడే మొదటిసారి చెప్పాడు. వెనక బెంచీ కుర్రాడి పేరు ఇంకా గుర్తుంది వాడికి.

ఇక్కడ వదిన గురించి చెప్పకపోతే నా లెక్క కూడా రసీదు లేనిదే అవుతుంది. ఆవిడ అంతసేపూ ఊరుకుని, "రసీదు లేని డబ్బు నాకేం కొత్త కాదు" అంది. "మా నాన్న నన్ను ఇంటర్‌తో ఆపేశాడు. ఆ డబ్బు దాచి 2005లో మీ ఇంటికి తెచ్చిచ్చాడు."

గదిలో పంకా చప్పుడు తప్ప ఏమీ లేదు. మా వాళ్లు కట్నం అడగలేదు. అడగలేదనే ఇవాళ్టికీ చెబుతారు. ఇచ్చింది పుచ్చుకున్నారు. కట్నం నేరమని 1961లో చట్టమొచ్చింది, క్యాపిటేషన్ ఫీజు నేరమని మన రాష్ట్రంలో 1983లో చట్టమొచ్చింది. రెండూ చదువుకున్న మన ఇళ్లల్లో చేతి సంచుల్లో నడుస్తూనే ఉన్నాయి. అన్నయ్య చదువుకి పోయిన రెండెకరాలు అన్నయ్య జీతంలో రాకముందే వదిన పుట్టింటి నుంచి సగం వచ్చాయన్నమాట. ఒక ఆడపిల్ల చదువు ఆపితే మిగిలిన డబ్బు, ఒక మగపిల్లాడి చదువు ఖర్చు పూడ్చింది. కాలేజీకి పెట్టిన ఖర్చు జీతంలో తిరిగొస్తుందా అని మనం పెద్దగా వాదించుకుంటాం గాని, మన తరందాకా అది వసూలైన చోటు వేరు. ఇరవయ్యేళ్లుగా వదినని "మా ఇంటి మహాలక్ష్మి" అంటున్న నాకు, ఆ పేరు ఎందుకొచ్చిందో ఆ మధ్యాహ్నం తెలిసింది.

అప్పటికి నేను గొప్ప ఔదార్యంలో పడ్డాను. "నా వాటా దానికి రాసిచ్చేస్తాను. అది కానుకే. తిరిగి చూడను" అన్నాను. అని, ఆ పిల్ల మొహం వంక చూశాను. ఎందుకు చూశానో నాకే తెలుసు. కళ్లలో నీళ్లు తిరుగుతాయేమో, "అత్తా!" అంటూ వచ్చి పట్టుకుంటుందేమోనని. కానుకని పేరు పెట్టి అరనిమిషం కాలేదు, వడ్డీ వసూలుకి తయారయ్యాను! మా అమ్మని ఏమనగలను ఇంక?

ఆ పిల్ల నన్ను పట్టుకోలేదు. గళ్ల కాగితమే చూస్తోంది.

"నీకేం చదవాలనుందే?" అని అడిగాను, ముందే అడగవలసిన మాట.

"తెలీదత్తా. ఎలక్ట్రానిక్స్ అంటే ప్రాణమేం కాదు. కంప్యూటరంటే అసహ్యమూ లేదు."

నా నవలల్లో పద్దెనిమిదేళ్ల నాయికలందరికీ జీవితాశయాలుంటాయి. మొదటి అధ్యాయంలోనే కిటికీలోంచి ఆకాశం చూస్తూ చెప్పేస్తారు. నేను ఎంతమంది ఆడపిల్లల్ని అలా కంగారు పెట్టానో! ఏమవ్వాలో తెలియకపోవడం ఆ వయసులో సహజం. తెలియనప్పుడు ఎకరం పొలం పెట్టి ఒక దారి కొనేస్తే, తెలిసిననాడు తిరిగి రావడానికి దారి ఖర్చు మిగలదు. అన్నయ్యకి మిగల్లేదు. ఆ ముక్క ఆ పిల్లే తన పద్ధతిలో చెప్పింది.

"చవక సీటులో చేరితే రెండేళ్లకి నాకు నచ్చకపోయినా మీ మొహాలు చూడగలను నాన్నా. ఆ సీటులో చేరితే నచ్చకపోయినా నచ్చిందనే చెబుతాను."

అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు. ఆ పేరున్న కాలేజీకి సోమవారం అడ్వాన్సు ఇవ్వాలట, ఇవ్వకపోతే సీటు ఇంకొకరికి పోతుందట. పోతే తప్పే కావచ్చు. పదేళ్ల తర్వాత ఆ పిల్లే, "అప్పుడు అమ్మేసి ఉంటే బావుండేది" అనవచ్చు. అలా అనదని నేను రాసివ్వలేను. లేచి, "సరే, ఆప్షన్లు పెట్టుకుందాం పదండి" అన్నాడు. కన్వీనరు కోటా వెబ్ ఆప్షన్లకి ఆ రాత్రే గడువు.

వదిన గ్లాసులు వంటింట్లోకి పట్టుకెళుతూ, "పోన్లెండి. ఎకరం ఉంటే దాని పెళ్లికన్నా పనికొస్తుంది" అంది. వెటకారం కాదు. నిజంగానే తేలికపడి అంది.

మేనకోడలు చెప్పులేసుకుంటున్నదల్లా ఆగి, ఆ గళ్ల కాగితం మీద అడుగున ఇంకో గీత గీసి, పక్కన పెళ్లి అని రాసింది. అంకె వెయ్యలేదు. "ఇది ఎవరి గడిలో వెయ్యాలత్తా?" అంది. వంటింట్లోంచి వదిన, "నీకన్నీ వెక్కిరింతలే, పద" అని కసిరింది.

వాళ్లు వెళ్లిపోయాక చూస్తే ఫైలు సోఫాలోనే మరిచిపోయారు. తెరిచాను. అమ్మకం కాగితం చివరి పేజీలో, నేను సంతకం పెట్టవలసిన చోట, అన్నయ్య పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టుకొచ్చాడు.